కొత్త రూల్‌బుక్ కొనే ముందు: డైస్ తప్పినప్పుడు పుస్తకం ఏం చెబుతోందో చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు బ్రాడీపేటలో ఐదుగురు మిత్రులు ఆదివారాలు కూర్చుని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆడుతున్నారు, అంటే తలా ఒక పాత్ర తీసుకుని, డైస్ (పాచికలు) వేస్తూ మాటలతో కథ నడిపే ఆట. నలుగురు ఆటగాళ్లు, కథ నడిపించే ఒక జీఎం (గేమ్ మాస్టర్). ఇంతవరకూ ఆడింది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఒక్కటే. ఇప్పుడు నగరంలో జరిగే నేరాలూ రహస్యాలూ ఛేదించే ఆట ఒకటి కొత్తగా వచ్చింది. పీడీఎఫ్ కొన్నారు. మూడొందల పేజీలకు పైనే ఉంది, బొమ్మలు అద్భుతంగా ఉన్నాయి. చదువుతుంటే బాగుంది గానీ, ఆడితే ఎలా ఉంటుందో అంతుపట్టడం లేదు. తలా కొంత వేసుకుని హార్డ్‌కవర్ తెప్పించుకోవచ్చా అని అడిగారు. విషయసూచికా, ముఖ్యమైన రూల్సూ మీరే రాశారు కాబట్టి వాటిని పట్టుకునే చెబుతాను.

రూల్‌బుక్‌ని మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివి మంచిదో కాదో తేల్చడం చాలా కష్టం. చదివేటప్పుడు మన ఊహ పని చేస్తుంది. రచయిత వదిలేసిన ఖాళీలన్నీ మనమే నింపుకుంటూ పోతాం, అది పుస్తకం గొప్పతనం అనుకుంటాం. ఆడేటప్పుడు ఆ ఖాళీలు నలుగురి ముందు బయటపడతాయి. అందుకే నేను కొత్త పుస్తకం తెరవగానే ముందుమాటా, ఆ ప్రపంచం చరిత్రా పక్కన పెట్టి ఒక్క ప్రశ్నకి జవాబు వెతుకుతాను: ఆటగాడు డైస్ వేశాడు, కావాల్సిన అంకె రాక తప్పింది. ఇప్పుడేం జరగాలి? గెలిచినప్పుడు ఏం చెప్పాలో ఏ జీఎంకైనా తోస్తుంది. తప్పినప్పుడు కథ ఆగిపోకుండా ముందుకు నడిపించే దారి పుస్తకంలో ఉందా లేదా అన్నదాన్ని బట్టే నేను దాని విలువ కడతాను. ముఖ్యంగా మీరు తీసుకున్నది పరిశోధన ఆట కాబట్టి మీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం.

ఎందుకో చెబుతాను. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చినప్పుడు దాని మూలాలు యుద్ధక్రీడల్లో ఉన్నాయి. కత్తి దూశావు, తగల్లేదు, ఇప్పుడు అవతలివాడి వంతు. ఏమీ జరగకపోయినా ఇబ్బంది లేదు, అవతలివాడు ఊరుకోడు కదా, కథ తనంతట తానే కదులుతుంది. 1981లో కాల్ ఆఫ్ కథూలూ వచ్చాక సమస్య మొదలైంది. అది పరిశోధన ఆట. గది వెతుకుతూ డైస్ వేస్తారు, తప్పితే ఆధారం దొరకదు. ఆధారం దొరక్కపోతే తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఎవరికీ తెలీదు. అందరూ జీఎం మొహం చూస్తారు, జీఎం కాగితాల్లోకి చూసుకుంటాడు.

ఈ చిక్కుకి తర్వాతివాళ్లు రకరకాల జవాబులు కనిపెట్టారు. రాబిన్ లాస్ తయారు చేసిన గమ్‌షూ పద్ధతిలో, సరైన నైపుణ్యం ఉన్న పాత్ర సరైన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం డైస్‌తో పని లేకుండా దొరికిపోతుంది. ఆధారం దొరకడం కాదు, దొరికిన ఆధారాలు కలిపి ఆలోచించడమే ఆట అని ఆయన వాదన. కాల్ ఆఫ్ కథూలూ తన ఏడో ఎడిషన్‌లో ఇంకో దారి పట్టింది. తప్పిన రోల్‌ని మళ్లీ వేయొచ్చు. అయితే ఏదో కొత్త ప్రయత్నం చేస్తున్నానని చూపించాలి, రెండోసారీ తప్పితే మొదటిదాని కంటే గట్టి దెబ్బ తగులుతుంది. 2010లో విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో రెండు డైస్ మొత్తానికి పాత్ర పాయింట్లు కలిపి 10 గానీ ఆపైన గానీ వస్తే పూర్తి గెలుపు, 7 నుంచి 9 దాకా వస్తే గెలుపే కానీ ఏదో ఒక మూల్యంతో, 6 లేదా అంతకన్నా తక్కువైతే జీఎం చేతికి పగ్గాలు. 2017 నాటి బ్లేడ్స్ ఇన్ ద డార్క్‌లో డైస్ వేయకముందే ఇది ఎంత ప్రమాదకరమో జీఎం పైకి చెప్పాలి. దేనికి తెగిస్తున్నాడో తెలిసే ఆటగాడు డైస్ వేస్తాడు.

వీటిలో ఏది గొప్పదన్న చర్చ ఇక్కడ వద్దు. మీ పుస్తకం ఏదో ఒక దారిని ఎంచుకుందా లేదా అన్నదే చూడాలి. మీరు రాసిన ప్రకారం: ఆరు ముఖాల డైస్ రెండు వేసి నైపుణ్యం పాయింట్లు కలపాలి, ఎనిమిదీ ఆపైన వస్తే గెలుపు, రాకపోతే 'జీఎం తగిన పరిణామాన్ని నిర్ణయిస్తాడు'. ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. దాని తర్వాత ఉదాహరణలు ఉన్నాయా? ఎలాంటి పరిణామాలు వాడొచ్చో పట్టిక ఉందా? ఉంటే ఆ వాక్యం చాలు. లేకపోతే, ఆట తయారు చేసినవాళ్లు చెయ్యాల్సిన పనిలో సగం మీ జీఎం నెత్తిన పడ్డట్టే.

ఒక సీను తీసుకుని చూద్దాం. ఏ నిజమైన గోదాముకీ సంబంధం లేని ఊహా కథ. గుంటూరు శివార్లలో ఒక పాత మిర్చి గోదాము. రైతుల సరుకు తూకంలో దగా జరుగుతోందని అనుమానం. లోపల రెండు చిట్టాలు ఉన్నాయి, ఒకటి చూపించడానికి, ఇంకొకటి అసలుది. మీ నలుగురూ రాత్రి పదకొండుకి వెనక రేకుల సందులోంచి దూరారు. కప్పు దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) పేర్చి ఉన్నాయి, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి. ఘాటు గొంతులో దిగుతోంది, దగ్గు ఆపుకోవడమే పెద్ద పని. ముందు గేటు దగ్గర వాచ్‌మన్ రేడియో వినిపిస్తోంది. గుమస్తా బల్ల సొరుగులో ఒకడు చిట్టా కోసం వెతికాడు. డైస్ తప్పింది.

'దొరకలేదు' అని మాత్రమే చెప్పే పుస్తకం అయితే ఏమవుతుందో మీకు తెలిసే ఉంటుంది. రెండోవాడు 'నేనూ వెతుకుతా' అంటాడు. తర్వాత మూడోవాడు. నాలుగోవాడికి వస్తుంది. ఆ నాలుగు రోల్స్‌లో ఒక్కదానికీ అర్థం లేదు. అదే పుస్తకం జీఎం చేతికి నాలుగు దారులు ఇచ్చిందనుకోండి: పని అవుతుంది కానీ టైమ్ పడుతుంది, పని అవుతుంది కానీ జాడ మిగులుతుంది, అబద్ధపు ఆధారం చేతికొస్తుంది, లేదా కొత్త మనిషి రంగంలోకి వస్తాడు. ఇప్పుడు అదే తప్పిన డైస్‌తో: చిట్టా దొరికింది, కానీ సొరుగు లాగేసరికి పైనున్న ఎండుమిర్చి సంచి ఒలికింది, నలుగురికీ ఒకేసారి దగ్గు వచ్చింది, రేడియో ఆగిపోయింది. మీరు చెప్పిన ఆ 'తగిన పరిణామం' ఇదే. వారమంతా ఆఫీసులోనో కాలేజీలోనో అలసిపోయి వచ్చిన జీఎంకి ప్రతిసారీ అప్పటికప్పుడు తోచదు. పుస్తకం గుర్తు చెయ్యాలి. అందుకే దాన్ని డబ్బిచ్చి కొంటున్నాం.

మీ పుస్తకంలో ఈ సాయం జీఎం అధ్యాయంలో ఎక్కడైనా దాక్కుని ఉండొచ్చు. వెతకండి. కొందరు రచయితలు అసలు విలువైన సలహాని పుస్తకం చివర పెడతారు. ఎక్కడున్నా ఉంటే చాలు.

రెండో విషయం, పేజీల లెక్క. విషయసూచికలో పోరాటానికి యాభైకి పైగా పేజీలు, అందులో తుపాకులూ కత్తులూ పట్టికలే బోలెడు. పరిశోధనకి ఆరు పేజీలు. అట్ట మీద మాత్రం రహస్యాలు ఛేదించే ఆట అని ఉంది. అట్ట మీది మాట కంటే పేజీలు చెప్పేదే నిజం. ఆటగాళ్లు తమ పాత్ర వివరాలు రాసుకునే షీట్ మీద ఏముంటే అదే చేస్తారు. షీట్‌లో సగం ఆయుధాలే ఉంటే, గుమస్తాతో మాట్లాడి మెప్పించాల్సిన చోట కూడా చెయ్యి పిస్తోలు మీదికే పోతుంది. ఆ ఆరు పేజీలూ చిక్కగా ఉంటే వేరే మాట. సాక్షిని మాట్లాడించడం, ఆధారాలు ఒకదానికొకటి ముడిపెట్టడం, అనుమానితుడి మీద ఒత్తిడి పెంచడం లాంటివి ఆ ఆరు పేజీల్లో అడుగడుగునా చూపించి ఉంటే సరిపోతుంది. కానీ పోరాటానికి అంత శ్రద్ధ పెట్టి దీనికి ఇంతే పెట్టారంటే, రచయిత టేబుల్ దగ్గర ఎక్కువగా ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

దీనికి తోడు పాత్ర ఎదగడానికి వచ్చే పాయింట్లు దేనికి ఇస్తున్నారో చూడండి. మొట్టమొదటి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో తెచ్చుకున్న బంగారానికి నాణేనికో పాయింటు చొప్పున వచ్చేది. అందుకే అప్పటి ఆటగాళ్లు రాక్షసులతో పోరు తప్పించుకుని నిధి ఎత్తుకురావడానికే ఎత్తులు వేసేవాళ్లు. 2000లో మూడో ఎడిషన్ వచ్చేసరికి పాయింట్లు ప్రధానంగా ఎదుర్కొన్న శత్రువుల నుంచి వచ్చాయి, ఆట తీరూ అటే మళ్లింది. కాల్ ఆఫ్ కథూలూలో ఏ నైపుణ్యం వాడి గెలిస్తే దాని పక్కన టిక్ పెట్టుకుంటారు, తర్వాత అదే పెరిగే అవకాశం ఉంటుంది. డంజన్ వరల్డ్ అనే ఆటలో డైస్ తప్పినప్పుడు పాయింటు వస్తుంది. బ్లేడ్స్‌లో బాగా తెగించిన సందర్భంలో డైస్ వేస్తే చాలు, గెలిచినా ఓడినా పాయింటు వస్తుంది. ఈ చివరి రెండు నాకు బాగా నచ్చుతాయి. ఓటమి భయం తగ్గితే మొహమాటస్తులు కూడా నోరు విప్పుతారు. మీ పుస్తకంలో పాయింట్లు దేనికి వస్తున్నాయో మీరు రాయలేదు. ఆ పేజీ ముందు తెరవండి. 'ప్రతి సెషన్‌కీ రెండు పాయింట్లు' అని మాత్రమే ఉంటే అది తప్పేమీ కాదు, కానీ ఆట రూపుదిద్దే ఒక మంచి పనిముట్టుని రచయిత వాడుకోలేదని అర్థం.

ఇక లెక్కలు. ఈ భాగం చాలామంది దాటేస్తారు, దయచేసి మీరు దాటెయ్యకండి. కాగితం, పెన్ను ఉంటే అరగంట పని.

రెండు డైస్ వేస్తే 36 రకాలుగా పడొచ్చు. ఏమీ కలపకుండా 8 గానీ ఆపైన గానీ వచ్చేవి 15, అంటే 42 శాతం. ఒక పాయింటు కలిస్తే 58 శాతం. రెండు కలిస్తే 72. మూడు కలిస్తే 83. చూశారా, మొదటి పాయింటుకి పదహారు శాతానికి పైగా పెరిగింది, మూడో పాయింటుకి పదకొండే. మీరు ఐదో ఎడిషన్‌లో వాడే ఇరవై ముఖాల డైస్‌లో ఎక్కడైనా పాయింటుకి అయిదు శాతమే కాబట్టి మీకు ఇది కొత్త. మీ కొత్త ఆటలో మధ్యరకం పాత్రకి ఒక్క పాయింటు చాలా విలువైనది. చీకటికి రెండు తగ్గించు, తొందరకి ఒకటి తగ్గించు అని పుస్తకం తేలిగ్గా అంటుంటే జాగ్రత్త పడండి. సాదా పాత్రకి రెండు తగ్గిస్తే 42 నుంచి 17 శాతానికి పడిపోతుంది. అలాంటి రోల్ వెయ్యమనడం కన్నా 'కుదరదు' అని చెప్పడమే మర్యాద.

ఇప్పుడు గోదాములోకి నలుగురూ చప్పుడు కాకుండా దూరాలి. అందరికీ ఒక్కో పాయింటు ఉందనుకుందాం. ఒక్కొక్కరికీ 58 శాతం. నలుగురూ విడివిడిగా వేసి నలుగురూ గెలవాలంటే ఆ అవకాశం 12 శాతం. ఎనిమిది తొమ్మిదిసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి. అంటే ఈ ఆటలో గుంపుగా దొంగచాటుగా వెళ్లడం దాదాపు అసాధ్యం. అదే చిట్టా వెతికేటప్పుడు నలుగురిలో ఏ ఒక్కరికి దొరికినా చాలు కదా, అప్పుడు అవకాశం 97 శాతం. డైస్ అవే, పాయింట్లు అవే. ఒక చోట దారి మూసుకుపోయింది, ఇంకో చోట డైస్ వెయ్యడమే దండగ. మంచి పుస్తకం దీన్ని ముందే పసిగట్టి గుంపు ప్రయత్నానికి వేరే రూల్ పెడుతుంది. మీకు తెలిసిన ఐదో ఎడిషన్‌లో గుంపులో కనీసం సగం మంది గెలిస్తే గుంపంతా గెలిచినట్టే. ఆ పద్ధతి ఇక్కడ వాడితే 80 శాతం వస్తుంది. కొన్ని ఆటల్లో ఒకడు ముందుండి నడిపిస్తాడు, మిగతావాళ్ల తప్పుల భారం వాడు మోస్తాడు. మీ పుస్తకంలో అలాంటిదేమీ కనబడకపోతే, రచయితలు నలుగురితో కలిపి దొంగచాటు సీను ఎక్కువ ఆడి చూడలేదని నా అనుమానం.

పోరాటం కూడా అలాగే లెక్కవెయ్యండి. మీరు రాసిన కాపలా గూండాకి ప్రాణం 20, కవచం 2. దెబ్బకి ఒక డైస్, అందులోంచి కవచం తీసెయ్యాలి. కవచం లేకపోతే సగటు దెబ్బ 3.5. రెండు తీసేస్తే ఒకటీ రెండూ పడినప్పుడు సున్నా, మిగతావి ఒకటి నుంచి నాలుగు దాకా. సగటు 1.67కి పడిపోయింది, అంటే సగానికన్నా తక్కువ. దెబ్బ తగిలే అవకాశం 58 శాతం కలిపి చూస్తే ఒక్కో ప్రయత్నానికి దాదాపు ఒక పాయింటు ప్రాణం పోతుంది. వాణ్ణి పడగొట్టడానికి ఇరవై ప్రయత్నాలు, నలుగురు కొడితే అయిదు రౌండ్లు. ఒక్కొక్కరి వంతుకి రెండు నిమిషాలు, జీఎంతో కలిపి రౌండుకి పది నిమిషాలు వేసుకున్నా ఒక్క గూండా కోసం యాభై నిమిషాలు. అలాంటివాళ్లు ముగ్గురు ఎదురైతే మీ ఆదివారం సాయంత్రం అక్కడే అయిపోతుంది, చిట్టాలో ఏముందో చదివే టైమ్ కూడా ఉండదు. కవచం తీసేస్తే అదే పోరాటం రెండు మూడు రౌండ్లలో తేలుతుంది. పుస్తకంలో ఎక్కువమంది శత్రువులకి కవచం ఒకటో, సున్నానో అయితే కంగారు లేదు. రెండూ మూడూ సర్వసాధారణం అయితే యుద్ధాలు సాగదీతగా ఉంటాయని ఇప్పుడే రాసిపెట్టుకోండి. 'శత్రువులు సగం ప్రాణం పోగానే పారిపోతారు' అన్న రూల్ ఏదైనా ఉందేమో కూడా చూడండి, ఉంటే చాలా సమయం కలిసొస్తుంది.

ఊరి వర్ణనలూ చరిత్రా నూట ఇరవై పేజీలున్నాయని మురిసిపోతూ రాశారు. ఆ మురిపెం నాకు అర్థమవుతుంది, నాకూ అలాంటివి చదవడం ఇష్టమే. కానీ వాటిని తూచడానికి ఒక పద్ధతి ఉంది. ఆ భాగంలో ఎక్కడో ఒక పేజీ తెరవండి. ఆ పేజీలో ఉన్నదాంతో వచ్చే ఆదివారం ఒక సీను నడపగలరా? రెండొందల ఏళ్ల కిందటి రాజవంశం ఎలా కూలిపోయిందో చెబితే నడపలేరు. 'ఈ వీధిలో తాకట్టు కొట్టు నడిపే ఆవిడకి పోలీసు ఇన్‌స్పెక్టర్ అప్పు ఉన్నాడు, అది బయటికి పొక్కకూడదని ఆయన ఆరాటం' అని ఉంటే వెంటనే నడపగలరు. పది పేజీలు ఇలా తెరిస్తే ఎన్నిట్లో పనికొచ్చేది ఉందో తేలిపోతుంది. సగం పేజీల్లో ఉన్నా మంచి పుస్తకమే.

జీఎం అధ్యాయంలో నేను వెతికేది, ఒక కేసు ఎలా అల్లాలో వరసగా నేర్పారా అని. నేరం ఏమిటి, ఎవరు చేశారు, ఏ ఆధారం ఎక్కడికి దారి తీస్తుంది, ఆటగాళ్లు ఊహించని దారి పడితే ఏం చెయ్యాలి. ముఖ్యమైన ప్రతి నిజానికీ ఒకటికి మించి ఆధారాలు పెట్టమని చెప్పిందంటే రచయిత ఆడి చూసి రాశాడని నమ్మొచ్చు. పుస్తకంలో రెడీగా ఒక పూర్తి కేసు కూడా ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే రచయిత సొంత సలహాని తాను పాటించాడో లేదో అక్కడ తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక ఆడి చూడండి. వారాల తరబడి సాగే క్యాంపెయిన్ మొదలెట్టొద్దు, ఒక్క సాయంత్రం చాలు. పైన చెప్పిన గోదాము సీనే వాడుకోండి, లేదా మీకు నచ్చింది అల్లుకోండి. అందులో మూడు పనులు తప్పకుండా ఉండాలి: గుంపుగా దొంగచాటుగా వెళ్లడం, ఒక మనిషిని మాటలతో లొంగదీసుకోవడం, చిన్న కొట్లాట. పాత్రలు తయారు చేసుకోవడం కూడా అక్కడే, పుస్తకం చూస్తూ చెయ్యండి. ఎంతసేపు పట్టిందో, ఎక్కడ అందరూ ఆగి పేజీలు తిప్పారో జీఎం కాక ఇంకొకరు ఓ కాగితం మీద గీతలు పెట్టుకోవాలి. మొదటిసారి వెతకడం సహజం. అదే రూల్ కోసం మూడోసారి కూడా పేజీలు తిప్పుతున్నారంటే అది మీ తప్పు కాదు, రూల్ సరిగ్గా రాయలేదు. ఇంట్లో ఆట తెలియని తమ్ముడో చెల్లెలో ఉంటే కూర్చోబెట్టుకుని మూల రూల్ తెలుగులో చెప్పి చూడండి. నాలుగైదు వాక్యాల్లో చెప్పలేకపోతే ఆ రూల్‌లో మెలికలు ఎక్కువున్నాయన్నమాట. ఈ పరీక్ష ఆటలో మీరు సొంతంగా పెట్టుకున్న ఇంటి రూల్స్ ఏవీ కలపకండి. ఐదో ఎడిషన్ అలవాటుతో 'అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) ఇచ్చేద్దాం' అని అనిపిస్తుంది. ఆ ఒక్క సాయంత్రం పుస్తకం ఏం చెబితే అదే చెయ్యండి, లేకపోతే మీరు పరీక్షించింది పుస్తకాన్ని కాదు, మీ జీఎం నేర్పుని.

మిగతావి త్వరగా చూసేయొచ్చు. వెనక అక్షరక్రమ సూచిక ఉందా? పీడీఎఫ్‌లో వెతుక్కోవచ్చు కదా అనుకోవద్దు, అందరూ ఫోన్లు తీస్తే ఆట మీద ధ్యాస పోతుంది. క్యారెక్టర్ షీట్ ఒక కాగితంలో ఇమిడిందా? ఆట నడిచే తీరు చూపే సంభాషణ ఉంటే, అందులో ఎవరైనా డైస్ తప్పారా? అందరూ గెలుస్తూనే పోయే ఉదాహరణ పెద్దగా పనికిరాదు. పరీక్షించి చూసిన ఆటగాళ్ల పేర్లు క్రెడిట్స్‌లో ఉన్నాయా, వాళ్లు రచయిత స్నేహబృందం కాక వేరే గుంపులు కూడానా? తప్పుల సవరణ పట్టిక విడుదల చేశారా? కొత్త పుస్తకానికి సవరణలు రావడం మంచి గుర్తే, పట్టించుకుంటున్నారని అర్థం. నేరాల కథల్లో హింస, పిల్లల మీద దారుణాలు, ఆత్మహత్యలు లాంటివి వస్తాయి. ఎవరికి ఏది వద్దో ముందే మాట్లాడుకునే సెషన్ జీరో గురించీ, ఆట మధ్యలో ఆపమని సైగ చేసే పద్ధతి గురించీ పుస్తకం చెబుతోందా? లేకపోయినా మీరు మాట్లాడుకోండి. ఐదుగురూ చిన్నప్పటి నుంచీ స్నేహితులైనా సరే, ఒకరి ఇంట్లో ఏం జరిగిందో ఇంకొకరికి పూర్తిగా తెలియదు.

రివ్యూల గురించి ఒక్క మాట. చదివి రాసినవీ ఆడి రాసినవీ వేరు. బొమ్మల గురించీ, కాగితం గురించీ, ఆ ప్రపంచం గురించీ మాత్రమే మాట్లాడితే అది చదివి రాసింది. 'మా ఆటలో ఫలానాచోట ఇలా ఇరుక్కున్నాం' అన్న వాక్యం ఒకటున్నా ఆ రివ్యూ నమ్మొచ్చు, వాళ్ల అభిప్రాయం మనకి నచ్చకపోయినా.

ఇక హార్డ్‌కవర్. నా సలహా, ఇప్పుడే వద్దు. ధరతో పాటు అక్కడి నుంచి ఇక్కడిదాకా కొరియరూ పన్నులూ కలిపి ఎంతవుతుందో ముందు లెక్కేసుకోండి. పరీక్ష ఆటకి మూడొందల పేజీలు అక్కర్లేదు. మూల రూల్స్, పాత్రల తయారీ, పరిశోధన, పోరాటంలో మొదటి కొన్ని పేజీలు, అంతా కలిపి అరవై దాటదు. సొంత వాడకానికి ప్రింట్ తీసుకోవచ్చని పీడీఎఫ్‌లో రాసి ఉందేమో చూసి, కాలేజీ దగ్గర జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించండి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ పేజీలు జిరాక్స్‌లో మసిలా వస్తాయి కాబట్టి, ప్రింటర్ కోసం తెల్లటి వెర్షన్ ఇచ్చారేమో పీడీఎఫ్ కొన్న చోటే చూడండి. పీడీఎఫ్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లోకి వదలకండి. ఇలాంటి ఆటలు తయారు చేసేవాళ్లలో చాలామంది చిన్న బృందాలే, ప్రతి అమ్మకం వాళ్లకి ముఖ్యం.

పరీక్ష ఆట అయ్యాక, తప్పిన డైస్ దగ్గర మీ జీఎంకి పుస్తకం తోడు నిలిచిందనిపిస్తే, ఇంకో రెండు మూడు కేసులు ఆ స్పైరల్ కాపీతోనే నడపండి. అప్పటికీ ఆ వంద పైచిలుకు పేజీల ఊరి వర్ణన వాడుతూనే ఉన్నారంటే హార్డ్‌కవర్ తెప్పించుకోండి, ఆ డబ్బు వృథా కాదు. వాడుతున్నది మూల రూల్స్ మాత్రమే అయితే ఆ డబ్బుతో ఇంకో పుస్తకం పీడీఎఫ్, నలుగురికీ మంచి డైస్ కొనుక్కోండి. కవచం లెక్క ఎలా తేలినా సరే, ఆ పోరాటం అధ్యాయంలో తుపాకుల పట్టికలు మాత్రం ప్రింట్ తియ్యక్కర్లేదు.